పాత కారు డాష్‌బోర్డు: విప్పుట, ఊడదీయుట, పెరుకుట

ఒక వస్తువును మరొక దాని నుండి వేరు చేయడానికి తెలుగులో మూడు క్రియలు వెంటనే స్ఫురిస్తాయి: విప్పుట, ఊడదీయుట, పెరుకుట. ముడిని విప్పుతాము, మూటను విప్పుతాము, పొడుపుకథను కూడా విప్పుతాము. కలుపు మొక్కను పెరుకుతాము. ఈ రెండింటికీ నడుమ ఉన్నది ఊడదీయుట. దీనిలో నిజానికి రెండు క్రియలు దాగి ఉన్నాయి. ఊడుట వస్తువు చేసే పని. తీయుట మనం చేసే పని. 'ఊడన్' అనే తుమున్నర్థకం మీద 'తీయు' చేరి, సరళాదేశసంధి జరిగి 'ఊడదీయు' అయినది. అనగా అది ఊడేటట్లుగా మనం తీయాలి. ఊడక మునుపే తీసితిమా, దాని పేరు పెరుకుట. పాత కారు డాష్‌బోర్డులోని ప్లాస్టిక్ పలకలను దెబ్బ తగలకుండా బయటికి తెచ్చే విధం గురించి వ్రాయబూనిన నాకు ఈ మూడు మాటల కంటె మంచి పనిముట్టు దొరకలేదు. కారు మరమ్మతు సంగతి తెలుగు అయ్యవారికెందుకని అడిగేవారు ఉంటారు. ఉండనీయండి.

మా ఇంట ఉన్నది 1999 నాటి మారుతి 800. తెల్లనిది, ఏసీ లేనిది, కార్బురేటరుతో నడిచేది. చలికాలపు ఉదయాలలో చోక్ గుబ్బను చేతితో లాగి నిద్ర లేపవలసినది. దేన్కనికోట దారిలోని ఒక పల్లెబడిలో ప్రధానోపాధ్యాయులుగా పదవీ విరమణ చేసిన మా నాన్నగారు, ఆ విరమణ సొమ్ములో కొంత పెట్టి దీనిని కొన్నారు. ఆయన 2011లో కాలం చేశారు. 1983 డిసెంబరులో తొలిసారి రోడ్డెక్కిన ఈ జాతి బండ్ల తయారీ 2014 జనవరితో నిలిచిపోయింది. ఇంజను భాగాలు వెతికితే ఇప్పటికీ దొరుకుతాయి. డాష్‌బోర్డు పలకల సంగతి వేరు. అవి అరిగిపోయే వస్తువులు కావు గనుక దుకాణదారులు వాటిని నిలువ చేయరు. విరిగితే తుక్కు బండ్ల అంగళ్లలో, మరొకరు విప్పి పడవేసిన వాటిలో వెదుకుకోవాలి. అక్కడ దొరికేవి కూడా ఎవరో పెరికినవే అయి ఉంటాయి.

సొంత కారు నమోదు 15 సంవత్సరాలకు చెల్లుతుందని, ఆ మీదట అయిదేండ్లకొకసారి పునరుద్ధరించుకోవాలని మీకు తెలిసినదే. ఆ లెక్కన మాకు 2014లో, 2019లో, మళ్లీ 2024లో ఆ పని పడింది. 600 రూపాయలుగా ఉండిన రుసుము 2022 ఏప్రిల్ నుండి 5000 అయినది. పైగా 2024 నాటికి వేగాన్ని చూపే ముల్లు కదలడం మానివేసింది. మీటరు వెనుక దీపం కూడా ఆరిపోయింది. ఇవి సరిగా లేనిదే తనిఖీకి బండిని తీసుకుపోలేము. మా అబ్బాయి లెక్క వేసి చూపాడు. రుసుము, మరమ్మతు, రంగు, చక్రాల టైర్లు అన్నీ కలిపితే బండి విలువను మించిపోతున్నది. అమ్మివేయుట మేలన్నాడు. లెక్కలో తప్పు లేదు. మా అమ్మ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమే నాకు బరువుగా తోచింది. చివరకు ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. డాష్‌బోర్డు పగలకుండా మీటరు బాగుపడితే బండి ఉంటుంది. పగిలితే వచ్చిన ధరకు పోతుంది.

ఆ మాట ఊరకే అన్నది కాదు. కొన్నేండ్ల క్రితం ఒక దుకాణంలో ఈ కారుకు పాటల పెట్టె అమర్పించాము. పేరు అనవసరం. అక్కడి పనివాడు నడిమి పలకను తీయడానికి స్క్రూడ్రైవరు మొనను సందులో గుచ్చి, ఒక్క ఊపున ఎత్తాడు. పలక వచ్చింది; దానితోపాటు వెనుక ఉన్న రెండు కొక్కేలు విరిగి లోపల పడ్డాయి. అంచు మీద మొన గుచ్చిన గంటు నేటికీ కనిపిస్తుంది. అప్పటి నుండి గతుకుల దారిలో ఆ పలక కిటకిటమంటూనే ఉన్నది. మీ బండిలోనూ ఇటువంటి ధ్వని వినిపిస్తూ ఉంటే, దాని చరిత్ర బహుశా ఇటువంటిదే.

నాకు ఈ విద్య నేర్పినవాడు మా బడిలో చదివిన పిల్లవాడే. ఇప్పుడు హోసూరులో సొంతంగా చిన్న గరాజు నడుపుతున్నాడు. పని చేసేటప్పుడు అతని నోట మూడు భాషలు కలిసి పారుతాయి. కుర్రవాణ్ణి కన్నడంలో పిలుస్తాడు, స్క్రూడ్రైవరును తమిళంలో 'తిరుప్పుళి' అంటాడు, నాతో మాత్రం శుద్ధమైన మా సీమ తెలుగులో మాట్లాడతాడు. నేను సందులో వేలు పెట్టి పలకను ఊపి చూస్తుండగా, "ఐవోరా, లాగేది ఆమైన. అది యాడ పట్టుకోనుండాదో ముందు సూసుకోండి" అన్నాడు. తరువాత అతడు చెప్పినవన్నీ ఆ ఒక్క వాక్యానికి వ్యాఖ్యానాలే.

మొదట సమయం గురించి చెబుతాను. ఇది చాలామంది పట్టించుకోని విషయం. డాష్‌బోర్డు ప్లాస్టిక్ ఏండ్ల తరబడి అద్దం గుండా వచ్చే ఎండకు కాగి, అతినీలలోహిత కిరణాలకు లోనై, తన మెత్తదనాన్ని కోల్పోతుంది. కొత్తలో వంగిన చోట ఇరవై అయిదేండ్ల తరువాత విరుగుతుంది. చలిలో ఆ పెళుసుదనం మరింత పెరుగుతుంది. సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న మా హోసూరులో మార్గశిర పుష్యాలలో తెల్లవారుజామున ఈ పనికి పూనుకోవడం పలకను విరిచేందుకు ముహూర్తం పెట్టుకోవడమే. బండిని ఉదయపు ఎండలో ఒక గంట నిలపండి. పలక చేతికి గోరువెచ్చగా తగిలినప్పుడు మొదలు పెట్టండి. మబ్బు పట్టిన రోజయితే వేడినీటిలో ముంచి పిండిన గుడ్డను అంచు మీద కొన్ని నిమిషాలు ఉంచవచ్చు. జుట్టు ఆరబెట్టుకునే యంత్రం ఉంటే దూరం నుండి పట్టవచ్చు. మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు. అప్పుడు పై పొర మెత్తబడి, మీరు నొక్కిన ప్రతి చోటా గుర్తు పడుతుంది.

తరువాత బ్యాటరీ. మీటరు వెనుక తీగల జోలికి పోబోతున్నాము గనుక ముందుగా ఋణ ధ్రువపు తీగను విడదీయాలి. 10 మిల్లీమీటర్ల పానా చాలు. ఋణ ధ్రువమే ముందు ఎందుకంటే, ధన ధ్రువాన్ని విప్పుతున్నప్పుడు పానా పొరపాటున బండి ఇనుప ఒంటికి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి; ఋణం ముందే విడిపోయి ఉంటే ఆ భయం లేదు. తిరిగి బిగించేటప్పుడు ఋణం చివర. మాది గాలిసంచులు లేని పాత బండి. మీ కారు తరువాతి కాలానిదై, అందులో గాలిసంచి ఉంటే ఈ వ్యాసం చూచి స్టీరింగు దగ్గరకు గాని, ఎడమవైపు పై పలక దగ్గరకు గాని పోకండి. పసుపుపచ్చని తొడుగున్న తీగలు, ముడులు కనిపిస్తే అవి ఆ సంచులకు సంబంధించినవి కావచ్చు. అది శిక్షణ పొందినవారి పని.

పనిముట్లకు పెద్ద ఖర్చు లేదు. ఈ పనికే చేసిన నైలాను బద్దల కట్ట ఒకటి తక్కువ వెలకు అమ్ముతున్నారు. అది లేకపోయినా పరవాలేదు. నేను వెదురు బద్ద నొకదానిని చాకుతో చెక్కి, ఒక కొనను ఉలి మొన వలె పలుచగా చేసి, గాజుకాగితంతో నునుపు పెట్టుకున్నాను. బడులలో పిల్లలను కొట్టుటను నిషేధించిన 2009 చట్టం తరువాత వెదురుకు అయ్యవారి చేతిలో పని లేకపోయింది. ఇక్కడ కొంత దొరికింది. ఇనుప స్క్రూడ్రైవరుతో మాత్రం ఏ పలకనూ ఎత్తకూడదు. ఇనుము ప్లాస్టిక్ కంటె గట్టిది గనుక ఓడిపోయేది ఎప్పుడూ ప్లాస్టికే. వెదురైతే ముందుగా తానే వంగుతుంది, కాదంటే తానే విరుగుతుంది. అంచు పక్కన ఉన్న పలకకు రంగుపనివారు వాడే కాగితపు పట్టీ అంటిస్తే గీతలు పడవు.

మరల విషయంలో ఒక రహస్యం చెబుతాను. జపాను సంప్రదాయపు బండ్లలో, అందులో సుజుకీ వారి నమూనాను అనుసరించిన మన మారుతిలో, ప్లస్ ఆకారపు గాడి ఉన్న మరలు సాధారణంగా బజారులో దొరికే ఫిలిప్స్ స్క్రూడ్రైవరుకు సరిగ్గా అమరవు. చూడడానికి ఒకే తీరు. కొలతలో కొద్ది తేడా. జపాను ప్రమాణం ప్రకారం చేసిన కొన్ని మరల తలపై గాడి పక్కన ఒక చిన్న చుక్క గుర్తుగా ఉంటుంది. ఫిలిప్స్ మొన వీటిలో లోతుగా దిగదు; బలం పెట్టగానే జారి పైకి లేచి గాడిని నమిలివేస్తుంది. గాడి నమిలిన మర ఇరుకైన డాష్‌బోర్డులో ఉన్నదంటే ఆ రోజు పని అంతటితో సరి. జపాను కొలత స్క్రూడ్రైవరు దొరికితే మంచిది. దొరకకపోతే, గాడిలో ఊగకుండా కూర్చునే దానిని ఏరుకొని, తిప్పే బలం కంటె నొక్కే బలం ఎక్కువ పెట్టండి.

ఇక అసలు ప్రశ్న: అది యాడ పట్టుకొని ఉన్నది? డాష్‌బోర్డు పలకను పట్టి ఉంచేవి రెండు రకాలు. మరలు ఒకటి, కొక్కేలు లేదా క్లిప్పులు రెండవది. మరలను విప్పాలి, క్లిప్పులను ఊడదీయాలి. మర ఒక్కటి మిగిలి ఉండగా పలకను లాగితే విప్పవలసిన దానిని పెరుకుతున్నామన్న మాట. విరిగే పలకలలో ఎక్కువ భాగం ఇక్కడే విరుగుతాయి. కారు చేసినవారు మరలు కంటికి కనిపించడం అందంగా ఉండదని వాటిని దాచిపెట్టారు. మన పని పొడుపుకథ విప్పడం వంటిది. బూడిద పెట్టెను బయటికి లాగి ఆ గూటిలోకి దీపం వేసి చూడండి. మీటల మీది గుబ్బలను నేరుగా ముందుకు లాగితే వస్తాయి. వాటి వెనుక చూడండి. సామాను అర తలుపు తెరచి పై అంచున చూడండి. మరకు మూతగా చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉంటే గుండుసూదితో ఎత్తండి. మా బండిలో మీటరుకు పైన గొడుగు వలె వంగిన కొప్పు ఒకటి ఉన్నది. దాని రెండు మరలు ఆ గొడుగు లోపలి అంచున, కిందికి చూస్తూ ఉన్నాయి. సీటు మీద కూర్చున్నవాడికి అవి ఎన్నటికీ కనిపించవు. నేల మీద కూర్చుని, తల లోపలికి పెట్టి, పైకి చూడాలి. నా వయస్సులో ఆ భంగిమ అంత తేలిక కాదు గాని, ఆ రెండు మరలు దొరికినప్పటి ఆనందం పద్యానికి అన్వయం కుదిరినప్పటి ఆనందానికి ఏమీ తీసిపోదు. మీ బండి వేరొక సంవత్సరపుదైతే మరల చోటు, లెక్క మారవచ్చు. వెదికే పద్ధతి మారదు.

పలకను చేతితో మెల్లగా కదిపి చూడడం కూడా వెదకడంలో భాగమే. క్లిప్పు పట్టిన చోట పలక కొద్దిగా సాగుతున్నట్లుంటుంది. మర పట్టిన చోట అసలు కదలదు. కదలని చోటికి బలం కాదు, దీపం తీసుకుపోవాలి.

మరలన్నీ వచ్చిన తరువాత క్లిప్పుల వంతు. ఇక్కడ మరొక క్రియ కావాలి. మీటుట. వీణ తంత్రిని మీటుతాము. బరువైన రాతిని గునపంతో మీటి ఎత్తుతాము. యంత్రాన్ని నడిపే మీట కూడా ఈ మాట చుట్టమే. పలకను ఊడదీయడంలో రాతిని మీటే బలం పనికిరాదు, తంత్రిని మీటే నేర్పు కావాలి. బద్ద కొనను క్లిప్పుకు వీలైనంత దగ్గరగా సందులోకి దించండి. దూరంగా దించి ఎత్తితే బలమంతా నడుమ ఉన్న పలక మీద పడి అది వంగుతుంది, వంగనిదైతే పగులుతుంది. ఒక క్లిప్పు దగ్గర కొద్దిగా ఎత్తి, ఆ సందు మూసుకోకుండా మరొక బద్దను నిలిపి, రెండవ దాని దగ్గరకు పోవాలి. ఒక మూలను పూర్తిగా ఎత్తివేసి మిగిలిన పలకను పుస్తకం అట్ట వలె తెరవబోతే అవతలి అంచున ఉన్న కొక్కేలు విరుగుతాయి. క్లిప్పు గాడిలోకి ఏ దిశలో దూరిందో ఆ దిశలోనే, నేరుగా బయటికి రావాలి. ఊడినప్పుడు 'టప్' అని ఒక పొడి చప్పుడు వస్తుంది. మొదటిసారి విన్నవారికి గుండె ఆగినంత పని అవుతుంది. మా శిష్యుడు ఆ చప్పుళ్లను రెండుగా విడదీసి చెప్పాడు. మొద్దుబారిన చప్పుడైతే క్లిప్పు ఊడింది. సన్నని, పదునైన చప్పుడైతే ఏదో విరిగింది. అటువంటి పదునైన చప్పుడు వినిపిస్తే చేయి తీసివేసి, దీపం వేసి, అప్పుడు చూడాలి.

ఊడిన క్లిప్పులు తరచుగా పలకతో రాక బండిలోనే నిలిచిపోతాయి. వాటిని వెంటనే తీసి పలకకు తగిలించాలి. జారి గాలి గొట్టంలో పడిన ఇనుప క్లిప్పును తాడుకు కట్టిన అయస్కాంతంతో తీయవచ్చును గాని ప్లాస్టిక్ క్లిప్పు పడితే మరచిపోవలసినదే. తెరచి ఉన్న ప్రతి రంధ్రంలో ముందుగానే గుడ్డ కుక్కడం మంచిది.

మరలను ఒకే గిన్నెలో వేయకండి. వాటి పొడవులు వేరు. కొన్ని ప్లాస్టిక్‌ను తామే కోసుకుంటూ దిగే ముతక చుట్ల మరలు. కొన్ని ఇనుప గింజలో దిగే సన్న చుట్ల మరలు. పొట్టి మర దిగే చోట పొడుగు మర దిగితే అది వెనుక ఉన్న తీగను గుచ్చవచ్చు. నేను పాత నోటు పుస్తకపు అట్ట మీద డాష్‌బోర్డు బొమ్మ గీసి, ఏ మర ఏ చోటిదో ఆ చోటనే అట్టకు గుచ్చాను. ఫోనుతో ఫొటోలు కూడా తీశాము. అయినా అట్టకున్న సౌకర్యం ఫోనుకు లేదు. మర దాని చోటులోనే నిలబడి ఉంటుంది.

కొప్పు వచ్చిన తరువాత మీటరు పెట్టెను పట్టి ఉన్న మరలు కనబడతాయి. అవి విప్పగానే పెట్టె ముందుకు వస్తుందని ఆశ కలుగుతుంది, కాని రాదు. దాని వెనుక వేగం చూపే కేబులు తగిలి ఉంటుంది. గేరు పెట్టె నుండి తిరుగుతూ వచ్చే ఈ కేబులుకు ఇంజను గోడ గుండా దారి ఉంది. ఇంజను వైపు నుండి ఒకరు కేబులును కొద్దిగా లోపలికి తోస్తే ఇవతల కాస్త సడలింపు దొరుకుతుంది. అప్పుడు పెట్టె వెనుకకు చేయి పోనిచ్చి, కేబులు తలకున్న ప్లాస్టిక్ నాలుకను నొక్కి లాగాలి. నొక్కకుండా లాగితే ఆ నాలుక విరుగుతుంది. దీపాల తీగల ముడులకూ ఇదే ధర్మం. ప్రతి ముడికీ ఒక నాలుక ఉంటుంది. దానిని నొక్కి, ముడి తొడుగును పట్టి లాగాలి గాని తీగలను పట్టి కాదు. ఏండ్ల దుమ్ముతో బిగిసి ఉంటే మొదట లోపలికి కొద్దిగా నెట్టి, ఆ తరువాత బయటికి లాగితే వస్తుంది. ముందుకు రావలసిన దానిని వెనుకకు నెట్టడం వింతగా తోస్తుంది గాని, నాలుక మీది ఒత్తిడి తొలగేది అప్పుడే.

మా కేబులు లోపలి తీగ మధ్యలో తెగిపోయి ఉన్నది. కొత్త కేబులు హోసూరులోనే దొరికింది. దీపానికి కొత్త బుడ్డి వేశాము. అసలు జబ్బుకు వైద్యం అరగంట పని. అక్కడిదాకా వెళ్లడానికే పూట పట్టింది.

నడిమి పలకను తీసినప్పుడు లోపల నుండి కొన్ని వస్తువులు బయటపడ్డాయి. పాటల పెట్టె అమర్చినప్పుడు విరిగిన రెండు కొక్కేలు, ఒక అయిదు పైసల బిళ్ల, అరిగిన సుద్దముక్క, నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం. అద్దం కింది గాలి సందులో నుండి జారి ఉంటుంది. విప్పి చూస్తే నాన్నగారి చేతివ్రాత. తేదీ, మీటరు చూపిన కిలోమీటర్లు, పోయించిన పెట్రోలు లీటర్లు. అంకెలన్నీ తెలుగు అంకెలు. రెండుసార్ల నింపుడు మధ్య ౪౧౨ కిలోమీటర్లు, ౨౨ లీటర్లు. పక్కన భాగహారం చేసి ౧౮ అని వ్రాసి, శేషాన్ని వదలక ౧౬ అని కింద వేశారు. ఆయన ఏ లెక్కలోనూ శేషాన్ని వదిలేవారు కారు.

ఆ కాగితాన్ని మరునాడు బడికి తీసుకుపోయి ఏడవ తరగతి పిల్లల ముందుంచాను. మన పాఠ్యపుస్తకాల పుటలకు సైతం ఈనాడు తెలుగు అంకెలు వేయడం లేదు గనుక వారు చదవలేరనుకున్నాను. ఇద్దరు ముగ్గురు ఆగకుండా చదివివేశారు. ఎలా నేర్చుకున్నారని అడిగితే కర్ణాటక బస్సుల మీద చూచి నేర్చామన్నారు. కన్నడపు అంకెలూ మనవీ దాదాపు ఒకే రూపంలో ఉంటాయి కదా. సరిహద్దు ఊరి పిల్లలకు ఏ విద్య ఏ దిక్కు నుండి వస్తుందో చెప్పలేము. ఆ కాగితంలోని పద్దులన్నీ వారి చేతనే భాగహారం చేయించాను. ఒక పద్దులో మాత్రం బండి లీటరుకు 14 కిలోమీటర్లే వచ్చినట్లుంది. ఎందుకయ్యా అని చర్చ పెట్టారు. కొండ ఎక్కిందని ఒకడు, నలుగురు ఎక్కారని మరొకడు. గంట కొట్టేదాకా సాగింది.

విరిగిన కొక్కేల మాట చెప్పాలి. అతికించే ముందు పలక ఏ ప్లాస్టికో తెలుసుకోవాలి. చాలా పలకల వెనుక ఆ సంగతి చిన్న ఆంగ్లాక్షరాలలో అచ్చువేసి ఉంటుంది. ఏబీఎస్ అని ఉంటే అదృష్టం. అది అసిటోనులో కరుగుతుంది. అదే జాతి ప్లాస్టిక్ తురుమును కొద్ది అసిటోనులో నానవేస్తే ముద్దగా అవుతుంది. దానిని విరిగిన చోట పెట్టి ఒక రోజంతా కదపకుండా ఉంచితే రెండు ముక్కలూ కరిగి ఒకటవుతాయి. అది పై ముఖం మీద పడితే మచ్చ పోదు. గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా చేయాలి. పీపీ అని ఉంటే, అనగా పాలీప్రొపిలీను అయితే, అసిటోనుకు కరగదు, బజారు జిగురుకు అంటదు. కాల్చిన సన్నని ఇనుప తీగను అడ్డంగా లోపలికి దించి కుట్టు వేసినట్లు కలపాలి. మా నడిమి పలక ఏబీఎస్. లోపల పడి ఉన్న ఆ కొక్కేలే మళ్లీ వాటి చోటికి చేరాయి. ఆ దుకాణంవాడు వాటిని పారవేయకుండా లోపలే వదలినందుకు అతనికి ఒక నమస్కారం.

తిరిగి అమర్చే ముందు, పలకలన్నీ బయట ఉండగానే, బ్యాటరీ తగిలించి దీపాలు వెలుగుతున్నవో లేదో చూడండి. బండిని వీధి చివరిదాకా నడిపి ముల్లు కదులుతున్నదో లేదో చూడండి. మూసిన తరువాత చూడడం చాలామంది చేసే పని. పలకలు ఒకదానికొకటి రాసుకునే అంచుల వెంట సన్నని ఉన్ని పట్టీ అంటిస్తే కిటకిట పోతుంది. ప్లాస్టిక్‌లో దిగే మరను నేరుగా బిగించకండి. ముందుగా దానిని ఎడమవైపుకు, విప్పుతున్నట్లుగా తిప్పండి. పాత చుట్టు మొదలు దగ్గరకు రాగానే మర 'టిక్' మని కొద్దిగా దిగుతుంది. అక్కడి నుండి కుడివైపుకు తిప్పితే అది పాత దారినే పోతుంది. లేకపోతే కొత్త దారి కోస్తుంది, రెండు మూడుసార్లకు రంధ్రం వదులవుతుంది. బిగువు తగిలిన తరువాత మరొక చుట్టు వేయాలనే కోరికను అణచుకోవాలి. ప్లాస్టిక్‌కు ఆ చివరి చుట్టే శత్రువు.

మెరుగు కోసం నూనె వంటి పాలిష్‌లు పూసేవారు కలరు. అవి అద్దంలో ప్రతిబింబించి ఎదుటి దారిని మసక చేస్తాయి. తడి గుడ్డ చాలు.

ఒక్క వస్తువు గురించి చెప్పడం మిగిలింది. మన బండ్లన్నింటిలోనూ డాష్‌బోర్డు మీద ఒక దేవుడుంటాడు. మా వినాయకుడు 1999 నుండి రెండు వైపులా జిగురున్న పట్టీ మీద కూర్చుని ఉన్నాడు. కొప్పును తీయాలంటే ఆయన లేవాలి. అటువంటి జిగురును మీటకూడదు, విగ్రహంతోపాటు పై పొర లేస్తుంది. వేడి గుడ్డతో మెత్తబరచి, చేపల గాలానికి కట్టే నైలాను దారాన్ని రెండు చేతులతో పట్టి, పీఠం కింద రంపం వలె ఇటూ అటూ లాగాలి. జిగురు రెండుగా చీలుతుంది. మిగిలిన దానిని బొటనవ్రేలితో దొర్లిస్తే ఉండలుగా వస్తుంది. ఆయనను ఇంట్లో పళ్లెంలో దించాము. కొత్త పట్టీ తెచ్చి అదే సాయంత్రం కూర్చోబెడదామని అబ్బాయి అన్నాడు. అమ్మ పంచాంగం చూచి శుక్రవారం దాకా ఆగమన్నది. తనిఖీ గురువారం. ఆ రోజు బండి వినాయకుడు లేకుండానే వెళ్లి, తనిఖీలో నిలిచి, అయిదేండ్ల గడువు వ్రాయించుకొని వచ్చింది. శుక్రవారం ఉదయం ఎనిమిది గంటలకు, పలక గోరువెచ్చగా ఉండగా, అబ్బాయే పట్టీ అంటించాడు.